అచ్చాయమ్మ నాలుక

పెదపాడుకు దిగువన ఉన్న ఆ ఊళ్ళో నీళ్ళలో ఉప్పు పరీక్షించే మిషను లేదు. అచ్చాయమ్మ ఉంది. ఏ రైతైనా ఆకుమడికి నీరు పెట్టాలంటే ముందు చెంబుతో ఆవిడ గుమ్మంలోకి రావలసిందే. ఆవిడ పుక్కిట పట్టి ఉమ్మేసి, "పెట్టుకోండి" అంటే ఇంజను తిప్పేవారు. "వద్దండీ" అంటే ఆపేవారు. కాపురానికి వచ్చిన మూడో ఏట మామగారు ఒప్పజెప్పిన పని అది. నలభై ఏళ్ళలో ఆ నాలుక ఒక్కసారి తప్పలేదు. ఆవిడకు ఆ మాత్రం గర్వం ఉండేది. ఎందుకుండకూడదు?

చుట్టూ పొలాలన్నీ చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయిపోయాయి. మిగిలినవి ఏడెనిమిది కమతాలు. భర్త వెంకట్రాజు ఎకరన్నరలో తన తల్లి కాలంనాటి పాత ధాన్యమే పండిస్తాడు. అమ్మడానికి కాదు, తినడానికి. ఆ అన్నం చద్దికి పెట్టింది పేరు. నిరుడు కోతల్లో తుపాను పడి పనలన్నీ మొలకెత్తిపోతే, దక్కింది విత్తనానికి సరిపడా ఒక్క బస్తా. ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు.

కోడలు గీతాంజలి వట్లూరులో కాపురం, అక్కడే కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆదివారాలు వస్తుంది. ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచీ ఒకటే మాట.

"అత్తయ్యగారూ, పులుసులో ఉప్పు ఎక్కువైందండీ."

"టిన్ను నీళ్ళు తాగే నోటికి అన్నీ ఎక్కువే," అని కొట్టిపారేసేది అచ్చాయమ్మ. ఆవిడ తాగేది ఇంటి బోరు నీళ్ళే. వెంకట్రాజు తాగేదీ అవే, అందుకే ఆయనకూ తేడా తెలియలేదు.

ఈ ఏడు జూలై వచ్చినా వాన లేదు. కాలవ నీరు చివరి భూములదాకా రాలేదు. కొల్లేరు అడుగంటితే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు మురుగు కాలవల్లోకి ఎగదన్నుతుంది. మడిలో చల్లిన మొలక ఎండిపోతోంది. పక్క చేను అప్పారావు మురుగు కాలవ నీళ్ళు చెంబుతో తెచ్చాడు.

"పిన్నిగారూ, కాస్త చూసి చెప్పండి."

పుక్కిట పట్టింది. మా బోరు నీళ్ళలాగే ఉన్నాయి కదా, అనుకుంది.

"మంచినీళ్ళే నాయనా, పెట్టుకో."

ఆ మాట మీదే వెంకట్రాజుతో సహా అందరూ ఇంజన్లు తిప్పి ఆ నీళ్ళే పెట్టారు. అయిదో రోజుకు ఆకు కొసలు ఎర్రబడ్డాయి. పదో రోజుకు వెంకట్రాజు మడి, అప్పారావు మడి, ఇంకో నలుగురి మళ్ళూ మాడిపోయాయి. బస్తా విత్తనమూ పోయింది. మట్టి మీద ఉప్పు తెల్లగా పేరింది.

ఆదివారం గీతాంజలి వెంట తెచ్చుకున్న సీసాలో నీళ్ళు అడిగి తాగింది అచ్చాయమ్మ. వెంటనే బోరు నీళ్ళు ఓ గుక్క తాగింది. గొంతు దిగలేదు. బోరు ఏనాటి నుంచి ఉప్పెక్కుతోందో, నాలుక రోజురోజుకీ దానికి అలవాటు పడిపోయింది. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందిట ఉప్పు. ఆ ఉప్పునే గుర్తుపట్టలేకపోయానని ఆవిడ వసారాలో కూలబడి ఏడ్చింది.

ఊళ్ళో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. "మీరేం చేస్తారండీ, కాలమే అలా ఉంది," అన్నాడు అప్పారావు. నాలుగు తిట్టినా బాగుండేది. వారం తిరక్కుండా అతని చేలో చెరువు తవ్వే మిషను దిగింది. చెంబు పట్టుకుని గుమ్మంలోకి మరెవరూ రాలేదు.

మళ్ళీ ఆదివారం, కొట్లో కొన్న బియ్యం వండి, పులుసు దింపి, కోడలిని పిలిచింది.

"ఓసారి రుచి చూసి చెప్పమ్మా."

ఆవిడ ఎన్నడూ ఎవరినీ అడగని మాట. గీతాంజలి గరిటె చివర నాలుక పెట్టి చూసింది.

"బాగుందండీ అత్తయ్యగారూ," అంది. అని, అటు తిరిగి సీసాడు నీళ్ళూ గటగటా తాగేసింది.

అచ్చాయమ్మ అది చూసింది. ఉప్పు జాడీ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.