పెండ్లి కార్డు మీది దారి

మా మేనకోడలు స్వప్న పెళ్లి ఆబిడ్స్‌లో. రెండు పుస్తెల్లో పుట్టింటి పుస్తె మేనమామ తేవడం మా వాళ్ల ఆనవాయితీ. కంసాలి ఆ పొద్దున్నే ఇచ్చాడు కాబట్టి నేనొక్కణ్నే వెనకబడి, ఏడింటికి వికారాబాద్‌లో రైలెక్కాను. ముహూర్తం పదీ నలభైకి. చొక్కా జేబు మీంచి చెయ్యి తీస్తే ఒట్టు.

లింగంపల్లి దాటాక రైలు ఆగి ఆగి ప్రాణం తీసింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన నా పెళ్లికార్డు తీసుకుని, వెనక అచ్చేసిన దారి పటం చూశాడు. "దుకాణాలన్నీ రాసిన్రు. నువ్వు దిగే టేషన్ ఏడుంది?" అన్నాడు. వెతగ్గా వెతగ్గా అడుగున, పూలతీగ కింద, చీమల్లాంటి అక్షరాల్లో దొరికింది.

నాంపల్లిలో దిగేసరికి పది దాటింది. రోడ్డు నిండా ఆగిపోయిన బండ్లే. నడిచాను. పెద్ద పోస్టాఫీసు చౌరస్తాలో పటం కుడికి తిరగమంది, తిరిగాను. మొజంజాహి మార్కెట్ వచ్చింది గానీ ఫంక్షన్ హాలు రాలేదు. అడిగిన ఇద్దరూ ఆ పేరే వినలేదన్నారు. చెమటకి కార్డు మెత్తబడింది. నా మూలంగా పిల్ల ముహూర్తం తప్పిపోతుందని భయమేసింది.

అక్కకు ఫోన్ చేశాను.

"కార్డు జేబుల పెట్టు తమ్మీ. మళ్ల పోస్టాఫీసు కాడికి పో. టేషన్ దిక్కు వీపు పెట్టి నిలబడు. ఎడమ చెయ్యి దిక్కు రెండో గల్లీ."

పరుగెత్తాను. పంతులు గడియారం చూసుకుంటుండగా పుస్తె పళ్లెంలో పెట్టాను. 

భోజనాల దగ్గర సంగతి బయటపడింది. ప్రెస్సువాడు మొదట గీసిన పటంలో హాలు అడుగున వచ్చిందట. శుభం జరిగే చోటు కింద ఉండొద్దని బావ పట్టుబట్టాడు. ప్రెస్సువాడు బొమ్మను చపాతీలా తిరగేసి, పేర్లు మళ్లీ రాశాడు. హాలు పైకెక్కింది, ఎడమ కాస్తా కుడి అయింది. బావ మీద వచ్చిన కోపాన్ని లడ్డూతో పాటు మింగేశాను.

అప్పగింతలప్పుడు స్వప్న నా కార్డు లాక్కుని, ఖాళీ జాగాలో ఏదో గీసిచ్చింది. "ఆదివారం మా అత్తోళ్లింటికి రా మామా. గిది చూస్కుంట వస్తే తప్పిపోవు," అంది. కళ్లు తుడుచుకుంటూనే అంది.

సాయంత్రం తిరుగు రైల్లో తీసి చూశాను. మొదట నాంపల్లి స్టేషన్, అన్నిటికన్నా పెద్దగా. తర్వాత పోస్టాఫీసు, బషీర్‌బాగ్ వంతెన, హిమాయత్‌నగర్‌లో పచ్చ గేటు. దుకాణాల్లేవు, పూలతీగల్లేవు. నేను దిగే చోట మొదలై, తిరిగే ప్రతి చోటా ఒక్క గుర్తు. కార్డుల మీద పటాలు వేయించేవాళ్లు ఈ మాత్రం చూసుకుంటే చాలు.

గేటు పక్కన చిన్న ఆడపిల్ల బొమ్మ ఉంది, స్టేషన్ వైపే చూస్తూ.