మమత ఒక్కపొద్దు, నా రిసొట్టో

మాట్లాడి గెలిచినోళ్లకు కడుపు నిండుతదని ఎవలన్న చెప్తే నమ్మకుండ్రి. మొన్న శనివారం ఒక్క దినంలనే నేను రెండు వాదనలు గెలిచిన. గెలిచి ఏం తిన్ననో ఆఖరుకు చెప్త.

ముందుగాల మా ముగ్గురి ముచ్చట. జనగామల డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్‌ల ఒక్క రూంల ఉన్నోళ్లం. నాది బచ్చన్నపేట. ఇప్పుడు జనగామలనే రూం తీసుకొని ఒక కోచింగ్ సెంటర్‌ల పాఠాలు చెప్తున్న. ఎస్తేరుది కాటారం, భూపాలపల్లిల ఒక దవాఖానల నర్సు. మాట తక్కువ, కని సూది మాత్రం సరిగ్గ నరం చూసి గుచ్చుతది. మమతది దంతాలపల్లి. టీచర్ పరీక్ష రాసి రిజల్ట్ కోసం చూస్తున్నది. రిజల్ట్ మంచిగ రావాలని ఐదు శనివారాలు ఒక్కపొద్దు ఉంటనని మొక్కుకున్నది. ఏడాది తర్వాత మేం కలిసింది ఆ ఐదో శనివారం నాడే.

మమత ఒక్కపొద్దుకు ఒక పద్ధతి ఉన్నది. పొద్దంత చాయ్, నీళ్లు. మాపటికి దీపం పెట్టినంక ఒక్కసారే తింటది. నోట్ల మొదటి ముద్ద పెట్టుకున్నంక మధ్యల లేవరాదు. లేచిందా, తిన్నది రెండు మెతుకులైనా సరే, ఆ దినానికి తిండి అయిపోయినట్టే. మళ్ల తెల్లారేదాక నీళ్లే దిక్కు. ఇది వాళ్ల అవ్వ పెట్టిన చట్టం. దీని మీద ఏ కోర్టుల గూడ అప్పీల్ లేదు.

"రూంల పప్పు ఒండుకుందామే" అన్నది మమత బస్సు దిగంగనే. "అన్నం, పప్పు, ఇగో, మా అమ్మ నీ కోసమని మామిడికాయ తొక్కు పంపింది." సంచిలకెల్లి డబ్బ తీసి మూత తెరిచి చూపించింది. వాసనకే నోట్ల నీళ్లూరినయ్.

బుద్ధి ఉన్న మనిషి ఎవలైనా అక్కడనే సరే అంటది. నేను మూడేండ్లు కాలేజీ డిబేట్లల్ల కప్పులు గెలిచిన మనిషిని. ఎదుటోళ్లు మంచి మాట చెప్పంగనే దానికి వ్యతిరేకంగ మూడు పాయింట్లు నా నోట్ల తయారయితయ్. అది జబ్బు, నాకు తెలుసు.

"ఏడాదికి ఒక్కసారి కలిసి పప్పు తింటమా? హైదరాబాద్ రోడ్డు మీద ఇటాలియన్ రెస్టారెంట్ పడ్డది. గక్కడికి పోదాం" అన్న.

"అన్నం లేకపోతే నాకు ఒక్కపొద్దు తిన్నట్టే ఉండదే."

ఫోన్‌ల వాళ్ల మెనూ తీసిన. "రిసొట్టో అని ఉన్నది చూడు. ఇటలోళ్ల అన్నం. ఒకటి, అది బియ్యంతోనే చేస్తరు. రెండు, నీ మొక్కుల బియ్యం ఏ దేశం తీరుగ ఒండాలని రాసి లేదు. మూడు, రేపు పిల్లలకు లోకం గురించి చెప్పేటిదానివి, లోకం తిండి తెల్వకపోతే ఎట్ల?"

మమత డబ్బకు మూత పెట్టింది.

"మూడోదానికీ తిండికీ ఏం సంబంధమే?" అన్నది ఎస్తేరు.

"అది ముగింపు. ముగింపుకు సంబంధం అక్కర్లేదు."

మొదటి గెలుపు అది. మాపటికి రూంల దీపం పెట్టి బయలెల్లినం. తొక్కు డబ్బ రూంల పెడితే ఎలుకలు కొడతయని మమత దాన్ని సంచిలనే పెట్టుకొని వచ్చింది. ఆ రోజు మా ముగ్గురిల బుద్ధి ఉన్న పని అదొక్కటే. నేనైతే ఇటలీ కోసమని పగటి తిండి గూడ మానేసిన. ఎవలూ అడగకుంటనే, నేను గూడ ఒక్కపొద్దు ఉన్నట్టు లెక్క అని వాళ్లకు చెప్పిన.

రెస్టారెంట్ ఎరువుల దుకాణం మీద ఉన్నది. మెట్లెక్కుతుంటే కింద యూరియా వాసన, మీద వెన్న వాసన, నడుమ మేము. లోపల సీలింగుకు ప్లాస్టిక్ ద్రాక్షగుత్తులు. ఎదురు గోడ మీద ఇటలీ గోపురం బొమ్మ. లోకమంత ఎరిగిన సంగతి, ఆ గోపురం పక్కకు ఒంగి ఉంటది. ఒంగినందుకే దానికి పేరు. ఇక్కడ మాత్రం కరెంటు స్తంభం లెక్క నిటారుగ నిలబడ్డది.

"ఇది ఒంగి ఉండాలె కదన్నా?" అని మేనేజర్‌ను అడిగిన. ఎండకాలంల గొంతు కింద బో టై కట్టుకొని చెమటలు కక్కుతున్న మనిషి.

"ఒంగినట్టు గీస్తే వాస్తుకు మంచిది కాదని మా సారే సక్కగ గీయించిండు మేడమ్."

అప్పుడే లేచి రావాలె. రాలే. వంటింటి కిటికీ పక్కన ఉన్న టేబుల్ కాడ కూసున్నం. లైట్లు ఎంత సన్నగ పెట్టిన్రంటే ఎస్తేరు ఫోన్ టార్చ్ కొట్టి మెనూ చదివింది. "మా దవాఖానల కరెంటు పోయినప్పుడు గూడ ఇంతకంటే మంచిగ కనిపిస్తది" అన్నది. మెనూల ఎనభై రకాలున్నయ్. మేం అడిగినయన్నిటికీ మేనేజర్ "ఆ ఒక్కటి లేదు మేడమ్" అన్నడు. ఆఖరుకు ఉన్నయి నాలుగు: సూప్, గార్లిక్ బ్రెడ్, వైట్ సాస్ పాస్తా, రిసొట్టో.

సూప్ అంటే వేడినీళ్లు. అందుల రెండు బీన్స్ ముక్కలు ఈత నేర్చుకుంటున్నయ్. గార్లిక్ బ్రెడ్‌ల బ్రెడ్డు ఉన్నది, గార్లిక్ సెలవుల ఉన్నది. పాస్తా మీద పోసిన తెల్లది తియ్యగ, మందంగ, సగం చల్లారి ఉన్నది. ఎస్తేరు ఒక చెంచా నోట్ల పెట్టుకొని నిమ్మళంగ మింగింది.

"ఎట్లున్నదే?" అన్న ఆశగ.

"మా కాడ పేషెంట్లకు ముక్కుల పైపు నుంచి పంపుతం. గిసుంటిదే. వాళ్లకు నయం, రుచి తెల్వది."

నేను గూడ తింటున్న. కని నేను తెచ్చిన పెండ్లి సంబంధం లెక్కనాయె. వంక పెట్టరాదు. "అలవాటు కావాలె" అన్న. "నాలుకకు చదువు ఉండాలె" అని గూడ అన్న. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే కొట్టుకోబుద్ధయితది.

అప్పుడు రిసొట్టో వచ్చింది. మమత కళ్లు మూసుకొని దండం పెట్టుకున్నది. చెంచా పక్కకు పెట్టి చేత్తోని ముద్ద కలిపి నోట్ల పెట్టుకున్నది. కటుక్ అని సప్పుడు నా దాక ఇనబడ్డది.

"పలుకు" అన్నది మమత.

వాళ్లది వరి పండించే ఇల్లు. గింజ ఎంత ఉడికిందో ఆమె పంటికి తెల్వదా? మేనేజర్‌ను పిలిచినం. ఆయన ఏమాత్రం జంకలేదు.

"ఇటలీల గింజ గట్లనే ఉండాలె మేడమ్. దానికి వాళ్ల భాషల ఒక పేరున్నది."

"మా ఊర్లె గూడ పేరున్నది" అన్నది మమత. "ఉడకలేదు అంటరు."

ఇంకో ముద్ద పెట్టుకున్నది. చీజ్ వాసనకు ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నది. పొద్దుగాల ఒక్క చాయ్ తాగిన కడుపు అది. "నాతోని కాదే రవళీ" అన్నది.

"అయితే లేవు, పా. రూంకు పోయి పప్పు ఒండుకుందాం" అన్న, ఆలోచించకుంట.

మమత నా మొకం చూసింది. కుడిచెయ్యి ప్లేటుల అట్లనే ఉన్నది. "లేస్తే అయిపోయినట్టే కదనే. ఆఖరి శనివారం. రెండు పలుకు ముద్దల మీద రాత్రంత ఉండాల్నా?" అన్నది. కోపానికి వస్తే బాగుండు, తిట్టించుకుందును. కోపం గూడ లేదు. కళ్లల్ల నీళ్లు తిరుగుతున్నయ్.

నాకు అప్పుడు నిజంగ సిగ్గయింది. కని నాకు సిగ్గయినా, దుఃఖమైనా ఉపన్యాసం తీరుగనే బయటికొస్తది. కింద ఎరువుల దుకాణం పక్కన ఒక మెస్ ఉన్నది. అన్నం పొట్లం తెచ్చి ఇక్కడనే పెడితే, మమత లేవకుంటనే తిండి పూర్తి చేస్తది. సక్కని ఉపాయం. నిమ్మళంగ పోయి, చున్నీ కింద పెట్టుకొని తెస్తే అయిపోతుండె. నేనేం చేసిన? పోయి మేనేజర్‌ను పర్మిషన్ అడిగిన.

"బయటి తిండి అలో లేదు మేడమ్. బోర్డు చూడుండ్రి" అన్నడు.

ఇగ నేను మొదలుపెట్టిన. ఉడకని అన్నం పెట్టినోళ్లకు ఉడికిన అన్నాన్ని ఆపే హక్కు ఉన్నదా అని అడిగిన. మొక్కు గొప్పదా బోర్డు గొప్పదా అన్న. ఈ రిసొట్టో కాడ మొదలుపెట్టి సూప్ దాక, సూప్ నుంచి గోడ మీది గోపురం దాక పోయిన. మెత్తగ ఉండాల్సిన గింజను ఉడకనియ్యరు, ఒంగి ఉండాల్సిన గోపురాన్ని ఒంగనియ్యరు, మీది ఏ తీరు ఇటలీ అన్న. పక్క టేబుల్ మీది భార్యాభర్తలు తినుడు ఆపి నా దిక్కే చూస్తున్నరు. వాళ్లకు గూడ తినుడు ఆపడానికి ఒక సాకు దొరికినట్టున్నది. పది నిమిషాలు మాట్లాడిన. ఆఖరుకు మేనేజర్ మొకం తుడుచుకొని, "మీరన్నది నిజమే మేడమ్, తెచ్చుకోండ్రి" అన్నడు.

రెండో గెలుపు.

మెట్లు దడదడ దిగి మెస్ కాడికి ఉరికిన. మెస్సాయన పెద్ద గిన్నె బోర్లేసి కడుగుతున్నడు.

"బువ్వ అయిపోయిందక్కా. ఇప్పుడే ఒక బ్యాచ్ వచ్చి ఊడ్చుకొని తిన్నది. ఒక్క అయిదు నిమిషాల ముందుగాల రావద్దా?"

అయిదు నిమిషాల ముందుగాల నేను గోపురం గురించి మాట్లాడుతున్న.

పక్కన ఒక్క మిర్చి బండి ఉన్నది. పొద్దంత ఖాళీగ ఉన్న కడుపుల మిర్చి పోస్తే ఆమె దవాఖానల, నేను జైల్ల. ఉత్త చేతులతోని మెట్లెక్కిన. ఎట్ల చెప్పాలె, మొదలు క్షమాపణతోని పెట్టాల్నా, మెస్సాయన మీదికి తొయ్యాల్నా అని పాయింట్లు రాసుకుంటనే పోయిన.

పోయి చూస్తే మా టేబుల్ మీద స్టీలు టిఫిన్ గిన్నె. అందుల తెల్లగ, మెత్తగ, పొగలు పోతున్న అన్నం. పక్కన చెంబుల పచ్చిపులుసు. నడుమ నా తొక్కు డబ్బ, మూత తీసి. మమత ముద్ద మీద ముద్ద తింటున్నది. ఎస్తేరు తింటున్నది. బో విప్పి జేబుల పెట్టుకొని మేనేజర్ గూడ కుర్చీ గుంజుకొని తొక్కు కలుపుకుంటున్నడు. సరిగ్గ ఆయన నెత్తి మీద బోర్డు: బయటి తిండి లోపలికి తేరాదు.

"గిది ఎక్కడిదే?" అన్న.

"నువ్వు మెట్లు దిగంగనే కిటికీల తల పెట్టి అడిగిన" అన్నది ఎస్తేరు. "'అవ్వా, మీ కోసం ఏం ఒండుకున్నరు?' అని. గంతే. కుర్చీ గూడ జరపలేదు."

నావి పది నిమిషాలు. ఆమెది ఒక్క ప్రశ్న.

కిటికీలకెల్లి వంటామె బయటికొచ్చింది. మెనూ మీద మీసాలు తిప్పిన తెల్లదొర బొమ్మ ఉన్నది, కని నిజంగ ఒండేది ఈమె. పేరు కొమురవ్వ. కొంగు నడుముకు చెక్కి, నెత్తి మీద పొడుగు తెల్లటోపీ. మాది బచ్చన్నపేట అని చెప్పంగనే మొకం వెలిగింది. వాళ్లదీ మా పక్క ఊరేనట. బడిల పిల్లలకు మధ్యాహ్న భోజనం ఒండేదట.

"ఇదంత ఫోన్ల చూసి చేస్తున్న బిడ్డా" అన్నది. "ఉడికిస్తనంటే ఈయన ఒద్దంటడు. ఇన్నేండ్లు మెత్తగ ఉడికిచ్చిన చెయ్యి, పలుకు మీద దించాల్నంటే ఒప్పుకోదు."

మేనేజర్ తల ఎత్తకుంట తొక్కు నాకిండు.

నా కడుపుల పేగులు అరుస్తున్నయ్. కూసోని, "నాకు గూడ రెండు ముద్దలు పెట్టుండ్రే" అని చెయ్యి చాపిన. గిన్నెల సరిగ్గ రెండు ముద్దలున్నయ్. మమత గిన్నెను తన దిక్కు జరుపుకున్నది. పొద్దటి నుంచి మొదటిసారి నవ్వింది.

"నువ్వు లేచినవు కదనే. లేస్తే అయిపోయినట్టే."

"నేనేం ఒక్కపొద్దు ఉన్ననా?"

"పగటి తిండి మానేసిన అని నువ్వే చెప్తివి. ఉన్నట్టు లెక్క అంటివి."

ఎస్తేరు నా దిక్కు చూసి, "పాయింటే" అన్నది. చాపిన చెయ్యి ఎనుకకు తీసుకున్న. మమత ఆ రెండు ముద్దలు తొక్కుతోని కలుపుకొని, ఆఖరి మెతుకు దాక తిని, అప్పుడు లేచి చెయ్యి కడుక్కున్నది. ఐదో శనివారం సక్కగ గడిచింది.

నా ఆకలి చూసి జాలిపడ్డది కొమురవ్వ ఒక్కతే. "అయ్యో, ఊకెనే ఎందుకు కూసుంటవు బిడ్డా" అని మమత ఎంగిలి ప్లేటు తీసేసి, వంటింట్లకెల్లి నాకోసం వేరే ప్లేటుల రిసొట్టో తెచ్చి ముందట పెట్టింది. పెట్టి పోలేదు. చేతులు కట్టుకొని పక్కనే నిలబడ్డది.

"తిని చెప్పు. ఎట్లున్నదో ఒక్కలూ చెప్తలేరు నాకు. మన దిక్కు పిల్లవు, నిజం చెప్తవు."

ఒక చెంచా తిన్న. కటుక్ మన్నది. ఎస్తేరు గడ్డం కింద చెయ్యి పెట్టుకొని నన్నే చూస్తున్నది. గింత ముందే నేను ఇదే గదిల, ఇదే వంట మీద, అందరు ఇనేటట్టు ఏం మాట్లాడిన్నో కొమురవ్వకు తెల్వది, పొయ్యి సప్పుడుల ఆమెకు ఇనబడలేదు.

"బాగున్నదవ్వా" అన్న.

"గట్లనా బిడ్డా" అని మురిసిపోయి లోపలికి పోయింది.

వ్యతిరేకంగ పది నిమిషాలు మాట్లాడితే ఒక్క మెతుకు రాలేదు. అనుకూలంగ ఒక్క మాట మాట్లాడిన, అదే రిసొట్టో ఇంకో ప్లేటు వచ్చింది.