అంచులు కరిగిన ఫొటో

వనపర్తిలో నాకొక చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పుట్టెంట్రుకలు, పాస్‌పోర్టు ఫొటోలు, ఏ పని వచ్చినా కాదనను. రెండేళ్ల కిందట నాకు ఒక లెన్సు మీద మనసు పడింది. మామూలు లెన్సులా ఫొటో అంతటినీ తేటగా చూపించే రకం కాదది. మనం కోరిన ఒక్కచోటే తేటగా ఉంచి, చుట్టూ ఉన్నదాన్ని నీళ్లలో పడ్డ రంగులా కరిగిస్తుంది. దాని మెడను వేళ్లతో వంచితే ఆ తేట చోటు పక్కకు జరుగుతుంది. ఫోకస్ కెమెరా చూసుకోదు, మనమే చేత్తో తిప్పుకోవాలి.

కొనాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. నాగర్‌కర్నూల్‌లో స్టూడియో నడిపే ఒకాయన దగ్గర అలాంటిది ఉందని తెలిసి వెళ్లాను. బిజినేపల్లిలో ఒక పెళ్లికి కలిసి పనిచేసినప్పటి నుంచి ఆయనతో పరిచయం. బీరువాలోంచి తీసి నా చేతిలో పెట్టాడు.

“పెళ్లిళ్లల్ల ఇది నడ్వదక్కా. పెండ్లికొడుకు ముక్కు ఒక్కటే కనవడ్తది, మిగిలినోళ్లందరు గాయబ్. నేను మోజుపడి కొన్న, పక్కన పడేసిన. ఓ పదిరోజులు పెట్టుకొని చూడు. నచ్చితే నువ్వే తీస్కో.”

ఆయన చెప్పింది నిజమే. కోడేరులో ఒక నిశ్చితార్థానికి తీసుకెళితే ముప్పై ఫొటోల్లో మూడు నిలబడ్డాయి. ఆ మూడూ కూడా అమ్మాయి తండ్రి ఆల్బమ్‌లో వద్దన్నాడు. ఇక తిరిగి ఇచ్చేద్దామనుకుంటున్నప్పుడే గద్వాల నుంచి ఫోన్ వచ్చింది.

అదొక నేతగాళ్ల ఇల్లు. తను నేసిన చీరలు ఫోన్లో చూపించి అమ్ముకోవాలని ఆ ఇంటాయనకు ఆశ. నలభై ఏళ్లుంటాయి. ఇంట్లో ఆయన, భార్య, తల్లి. నేను వెళ్లేసరికి ఆయన మగ్గం మీద ఉన్నాడు. తల్లి గోడవారగా కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. నాకు మంచినీళ్లు తెచ్చిన కోడలు, అత్తను దాటుతూ కింద ఉన్న గిన్నెను పక్కకు జరిపింది.

“పొద్దుగాల నుంచి మా అత్త దీన్ని రెండుసార్లు తన్నింది అక్కా. చూసి నడువమంటే వినదు” అంది నాతో. ముసలామె తలెత్తకుండా కండె చుడుతూనే ఉంది.

చీరలన్నీ మామూలు లెన్సుతోనే తీశాను. చీర ఒంటి నూలు, పట్టు అంచు కలిసే చోటు స్పష్టంగా కనిపించాలని ఆయన కోరిక. అది న్యాయం కూడా. కొనేవాళ్లు చూసేది అదే. పని అయిపోయాక, ఊరికే మనసాగక, ఆ వంగే లెన్సు బిగించి ముసలామెను తీశాను. ఎనిమిదో తొమ్మిదో తీస్తే ఒకటి కుదిరింది. ఆమె వేళ్లు, వేళ్ల మధ్య దారం తేటగా ఉన్నాయి. రాట్నం, గోడ, గుమ్మంలో నిలబడ్డ కోడలు అన్నీ కరిగిపోయాయి. నాకు ఎంతో నచ్చింది. ఫోన్లోకి ఎక్కించి ఆమెకు చూపించాను.

ఆమె ఫోన్ పట్టుకుని, తలను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు చూసింది.

“నాకు గిట్లనే కనవడ్తది బిడ్డా” అంది.

మగ్గం మీద నుంచి కొడుకు నవ్వాడు. “ఫొటోనే గట్ల తీసిండ్రవ్వా. అది ఇస్టైలు.”

“నేను ఫొటో సంగతి చెప్తలేను. నా కండ్ల సంగతి చెప్తున్న. నడుమ మంచిగనే కనవడ్తది. సుట్టూత గిట్ల పొగ లెక్క ఉంటది.”

మగ్గం చప్పుడు ఆగింది.

“ఎప్పటి సంది?” అన్నాడు కొడుకు.

“పోయిన ఎండకాలం సంది. ముసలితనం గదా, అందరికి గిట్లనే అయితదనుకున్న. ఎట్ల చెప్పాల్నో గూడ తెల్వలే.”

కోడలు గుమ్మంలోనే కూర్చుండిపోయింది. “మరి గిన్నెలు తన్నుతున్నవని నేను రోజూ ఒర్రుతుంటి గదత్తా. అప్పుడన్న చెప్పద్దా” అంది. ముసలామె చెయ్యి చాపి ఆమె భుజం కోసం వెతికింది. మొదట గాలిలోకి పోయింది చెయ్యి. తర్వాత దొరికింది.

నాకు అక్కడ నిలబడడం కష్టమైంది. నేను అందమని మురిసిన ఆ మసకలోనే ఆమె ఏడాదిగా తడుముకుంటూ తిరుగుతోంది. కళ్ల జబ్బుల గురించి పెద్దగా తెలియకపోయినా ఒక్క మాట మాత్రం చెప్పాను. “ఆలస్యం చేయకుండా కంటి దవాఖానకు తీసుకపోండి.”

మర్నాడే మహబూబ్‌నగర్ తీసుకెళ్లారు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి తరిగిపోతోందట. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది పోకుండా చూడవచ్చని డాక్టరు చెప్పాడు. జీవితాంతం చుక్కల మందు వేసుకోవాలి. ఇది కడుపున పుట్టినవాళ్లకూ వచ్చే అవకాశం ఉందని కొడుకు కళ్లు కూడా పరీక్ష చేశారు. ఆయనకు ఏమీ లేదు. ఆ సాయంత్రం కొడుకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాడు. “పోగులు చిక్కు పడితే అవ్వ మీద నేను గూడ మస్తు కోపం చేసిననక్కా” అన్నాడు.

లెన్సు నేనే కొనుక్కున్నాను. నాగర్‌కర్నూల్ ఆయన ఆశ్చర్యపోయాడు. స్టూడియో పని కోసమైతే కొనవద్దనే ఇప్పటికీ ఎవరడిగినా చెబుతాను. అది కడుపు నింపే లెన్సు కాదు. నెలకు ఒకటి రెండుసార్లు, ఎవరూ అడగని ఫొటో తీయాలనిపించినప్పుడు బయటికి తీస్తాను. పదింట్లో ఒకటి కుదురుతుంది. ఆ ఒకటి కుదిరినప్పుడు మిగతా తొమ్మిదీ గుర్తుండవు.

మొన్న చీరల పని మీద మళ్లీ గద్వాల పోయాను. ఇంట్లో సామానంతా గోడల వారకు చేరింది, ముసలామె నడవడానికి ఇంటి నడుమంతా ఖాళీగా ఉంది. కోడలు అత్త తలను ఒళ్లో పెట్టుకుని కంట్లో చుక్కలు వేస్తోంది. వేసి, మందు జారిపోకుండా ముక్కు పక్క కంటి మూలలో వేలు ఆనించి, పెదవులు కదిలిస్తూ లెక్క పెడుతోంది. లెక్క అయ్యేదాకా నన్ను పలకరించలేదు. నేను చెప్పులు విడిచి, గుమ్మం దగ్గరే కూర్చున్నాను.