ఎడమకు తిరిగిన సీసాలు

దవాఖానాలో నర్సుగా పద్దెనిమిదేళ్లు చేశాను. చనిపోయిన ఎంతోమంది కళ్లు నేనే మూశాను. పోయినవాళ్లు తిరిగొస్తారని ఎవరైనా అంటే, అట్లా వచ్చేటట్టయితే మా వార్డులో మంచాలు సరిపోవని నవ్వేదాన్ని.

మా తమ్ముడు యాదగిరి జడ్చర్ల దగ్గర ఒక ద్రాక్షతోటలో పనిచేసేవాడు. అక్కడ నురగలొచ్చే వైన్ తయారుచేస్తారు. సీసాలను చెక్క చట్రంలో తలకిందులుగా గుచ్చి, మడ్డి మూతలోకి దిగేదాకా రోజూ కొంచెం కొంచెం తిప్పాలి. ఎంత తిప్పారో తెలియడానికి సీసా అడుగున సుద్దగీత ఉంటుంది. అందరూ కుడికి తిప్పుతారు. మావాడిది ఎడమచేతి వాటం కనుక వాడికో చట్రం విడిగా ఇచ్చారు.

మా బాపు తాగి తాగి పోయాడు. అందుకే ఆ కొలువంటే నాకు మంట.

"నేను తాగుతలేనక్కా, తిప్పుతున్న గంతే. ఒక్కపారి వచ్చి చూడు" అని బతిమాలాడు. నేను పోలేదు. ఆ ఏడు రాఖీ కూడా కట్టలేదు. దసరా ముందు హైవే మీద లారీ గుద్ది పోయాడు.

నెల తర్వాత వాడి సామాన్ల కోసం వెళ్లాను. తోట చూడటానికి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లతో పాటు నన్నూ సీసాలుండే కింది గదిలోకి తీసుకెళ్లారు. వాడితో పనిచేసిన ఖాజా భాయ్ నన్ను పక్కకు పిలిచాడు.

"యాదగిరి చట్రం మీద మేమెవ్వలం చెయ్యి పెట్టలేదమ్మా. అయినా దినాం జరంత తిరుగుతాంది. ఎడమకే."

ఎవరో ఆటలాడుతున్నారనుకున్నాను. ఆ చట్రాన్ని సుద్దగీతలు కనబడేలా ఫోన్‌లో ఫొటో తీశాను. అందరం పైకి వచ్చాక ఖాజా భాయ్ తాళం వేసి, తాళంచెవి నా చేతికే ఇచ్చాడు. రుచి చూడమని అందరికీ గ్లాసుల్లో పోశారు. నేను గ్లాసు పట్టుకున్నాను గానీ నోట పెట్టలేదు. గంట తర్వాత ఆ గ్లాసుతోనే కిందికి దిగి, తాళం తీసి, ఫొటోతో సరిచూశాను. ప్రతి గీతా ఎడమకు జరిగి ఉంది.

అయినా పారిపోవాలనిపించలేదు. మావైపు పోయినవాళ్ల పేరు మీద కల్లు నేలకు ధారపోస్తాం, సాక అంటాం. కల్లు లేదు, చేతిలో గ్లాసు ఉంది. అందులోని వైనే చట్రం ముందు నేల మీద పోశాను.

"వచ్చిన తమ్మీ. చూసిన. మంచిగ చేస్తున్నవ్" అన్నాను. ఇక ఏడుపు ఆగలేదు.

మర్నాడు ఖాజా భాయ్ ఫోన్ చేశాడు. గీతలు కదల్లేదట. ఆ తర్వాతా కదల్లేదు.

ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. అదెట్లా జరిగిందో నాకు తెలియదు. ఒక్క బాధ మాత్రం పోదు. నేను ఆ తోటకు ఇంకో నాలుగు రోజులు ఆగి వెళ్లుంటే, వాడు ఆ చట్రం దగ్గర ఇంకో నాలుగు రోజులు ఉండేవాడు.