ఒక సైజు పెద్దది

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు. దాని వల్ల ఒక పదేళ్ల పిల్ల కాలు నలిగింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అలా అనుకుంటే తప్ప చెయ్యి కదలడం లేదు. ఇప్పటికే రెండుసార్లు లేచి వెళ్లి, టీ పెట్టుకుని, తాగకుండా సింక్‌లో పారబోసి వచ్చాను.

చెప్పేస్తాను. అడ్డం రాకండి, వస్తే ఆగిపోతాను.

నేను ఇంజనీరుని. మిషిగన్‌లో, నోవై దగ్గర కార్ల విడిభాగాలు డిజైన్ చేసేవాణ్ని. 2008 చివర్లో మా డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని ఒక్క మీటింగ్‌తో ఇంటికి పంపేశారు. గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి దేశం వదలాల్సిన పని లేదు. కానీ ఇంట్లో ఎంతకాలం కూర్చుంటాం? మోటర్‌సైకిళ్లూ ఏటీవీలూ అమ్మే షోరూమ్‌లో సేల్స్‌మన్‌గా చేరాను. ఏటీవీ అంటే నాలుగు లావుపాటి టైర్లతో మట్టిలో, గుట్టల్లో తిరిగే బండి. ఇక్కడ పొలాలున్న వాళ్లందరి ఇళ్లలోనూ ఉంటుంది. పిల్లల కోసం చిన్న సైజువి వేరే వస్తాయి.

నేను చేరిన కొద్ది వారాలకే, 2009 ఫిబ్రవరిలో, ఆ చిన్న బండ్లన్నిటినీ వెనక గదిలోకి తోసేశాం. పిల్లల వస్తువుల భద్రత కోసం కొత్త చట్టం వచ్చింది. పన్నెండేళ్ల లోపు పిల్లల కోసం చేసే ఏ వస్తువులోనూ సీసం ఒక హద్దు దాటి ఉండకూడదు. బొమ్మల్ని నోట్లో పెట్టుకునే పసివాళ్ల కోసం చేసిన చట్టం, మంచిదే. కానీ పిల్లల బండి కూడా పిల్లల వస్తువే కదా! టైర్ వాల్వ్‌లో, బ్యాటరీ కొసల్లో, బ్రేక్ లీవర్‌లో ఆ లోహం కాస్త ఉంటుంది. అంచేత అమ్మకూడదు. పెద్దవాళ్ల బండికి ఈ నియమం వర్తించదు. మా బాస్ చిన్న బండ్ల మీద టార్పాలిన్ కప్పి గదికి తాళం వేశాడు.

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున్న మోహన్ వచ్చాడు. కాలేజీ హాస్టల్లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నవాళ్లం. వాడి ఆఫీసులో ఒక అమెరికన్ కొలీగ్‌కి ఊరికి ఉత్తరాన పొలం ఉంది. మోహన్ కూతురు శ్రేయ అక్కడ వాళ్ల పిల్లల చిన్న ఏటీవీ ఎక్కింది, అప్పట్నుంచీ అదే ధ్యాస. పదో పుట్టినరోజుకి కొనిస్తానని వాడు మాటిచ్చాడు.

"పాపకి చిన్నది చూపించరా," అన్నాడు.

"ఉన్నాయి గానీ అమ్మకూడదు," అని సీసం సంగతంతా చెప్పాను.

వాడు పగలబడి నవ్వాడు. "మా పిల్ల బండి నడుపుతుందా, నాకుతుందా?"

నేనూ నవ్వాను. ఆ రోజుల్లో షోరూమ్‌కొచ్చిన ప్రతి తండ్రీ వేసిన జోకే అది. నవ్వుతూనే వాణ్ని పెద్ద బండ్ల వైపు నడిపించాను. వాటిలో అన్నిటికన్నా చిన్నదాని దగ్గర ఆపాను. వాడు చుట్టూ తిరిగి చూశాడు, సీటు తట్టాడు, మడ్‌గార్డ్ దగ్గర వంగాడు.

"ఇదేంట్రా, పదహారేళ్ల లోపు పిల్లలు నడపకూడదని స్టిక్కర్ ఉంది?"

ఇక్కడే. ఇక్కడికే రోజూ తిరిగి వస్తుంటాను. ఆ స్టిక్కర్‌కీ సీసానికీ ఏ సంబంధమూ లేదు. ఆ చట్టం పుట్టకముందు నుంచీ అది ఉంది. అది బరువు గురించి, ఎత్తు గురించి. గుట్ట ఎక్కేటప్పుడు మనిషి ముందుకు వంగాలి, పక్కకు జరగాలి, తన బరువుతో బండిని అదుపులో పెట్టాలి. పిల్లకి అంత బరువుండదు, కాళ్లు సరిగ్గా అందవు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఇదంతా నాకు నేర్పారు. పిల్లల కోసమని కస్టమర్ అంటే పెద్ద బండి అమ్మొద్దన్నారు. నేను సంతకం కూడా పెట్టాను.

"అదీ ఆ సీసం గొడవే రా," అన్నాను. "అన్నీ కొత్త రూల్సే. ఫారమ్‌లో కూడా అడుగుతారు ఎవరు నడుపుతారని. నేనే అని రాసెయ్."

"మరీ పెద్దదైపోదూ?"

"ఎదిగే పిల్ల కదరా. షూస్ కొనేటప్పుడు ఒక సైజు పెద్దవి కొనమా మనం? ఏడాది తిరిగేసరికి సరిపోతుంది."

మా బాస్ రెండడుగుల దూరంలోనే కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేం మాట్లాడుకునే భాష వినడానికి బాగుందన్నట్టు చిరునవ్వు నవ్వుతున్నాడు. ఎవరు నడుపుతారని వచ్చి అడిగాడు. మోహన్ నా వైపు ఒకసారి చూసి, నేనే అన్నాడు. ఫారమ్‌లోనూ అదే రాశాడు.

ఎందుకు చేశాను? ఆ నెల నేను ఒక్క బండీ అమ్మలేదు, ఇద్దరు సేల్స్‌మన్‌లలో ఒకరిని తీసేస్తానని బాస్ అంటున్నాడు. అది నిజం. కానీ అదొక్కటే అయితే ఇన్నేళ్లు ఇంత కుమిలేవాణ్ని కాను. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ స్నేహితులందరూ నన్ను జాలిగా పలకరిస్తున్నారు, భోజనాలకి పిలిచి నా కంచంలో రెండోసారి వడ్డిస్తున్నారు. అన్ని నెలల తర్వాత ఒకడు నా దగ్గరికి నా సాయం కోరి వచ్చాడు. వాడితో కుదరదని చెప్పలేకపోయాను. తెలిసినవాడిలా, పని సులువు చేసి పెట్టేవాడిలా కనపడాలనిపించింది. ఎంత చిన్న కోరిక! సిగ్గుగా ఉంది.

జూన్‌లో హెల్మెట్లు సర్దుతుంటే ఫోన్ వచ్చింది. ఆ కొలీగ్ పొలంలో ఒక చిన్న ఎత్తు ఎక్కుతుంటే బండి పక్కకి ఒరిగి శ్రేయ మీద పడింది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకేం కాలేదు. కుడి పాదం బండి కింద ఉండిపోయింది. ఎముకల కొసల్లో, ఎదుగుదల జరిగే చోటే దెబ్బ తగిలిందని డాక్టర్లు చెప్పారు.

ఆసుపత్రి కారిడార్‌లో మోహన్ భార్య లలిత నన్ను అడిగింది. "అన్నయ్యా, అది పిల్లలు నడిపేది కాదని మీకు తెలుసా?"

తెలుసు అనాలి. ఒక్క మాట. నేను చట్టం గురించి మొదలుపెట్టాను. చిన్న బండ్లు అమ్మనివ్వలేదమ్మా, ఇలాంటి తలాతోకా లేని రూల్ పెడితే ఏమవుతుంది, అంటూ ఏదేదో. ఆమె నన్ను మధ్యలోనే వదిలేసి మోహన్ వైపు తిరిగింది. ఫారమ్ మీద అబద్ధం రాసింది వాడు. ఆ చూపు వాడి మీదే నిలిచింది.

ఆ తర్వాత నేను చేసిన పని ఇంకా హీనం. పిల్లల బండ్లకి మినహాయింపు ఇవ్వాలని మా బాస్, తోటి డీలర్లు కలిసి ప్రభుత్వానికి ఒక ఉత్తరం రాశారు. చిన్నవి దొరక్క పిల్లలు పెద్ద బండ్లెక్కి దెబ్బలు తింటున్నారని అందులో వాదన. ఉదాహరణ ఉంటే బాగుంటుందన్నాడు బాస్. శ్రేయ సంగతి, పేరు లేకుండా, నేనే రాసిచ్చాను. ఒక్క ముక్క అబద్ధం లేదు అందులో. ఆ చట్టం అలాంటి పని చేయించిన మాటా నిజమే. నిజమంతా రాసి, నన్ను మాత్రం తీసేశాను. చదివి బాస్ నా భుజం తట్టాడు.

మధ్యలో ఆ నియమం అమలు వాయిదా వేస్తున్నామని ప్రభుత్వం వాళ్లు అన్నారు గానీ, చిన్నవి అమ్మడానికి మా బాస్ ధైర్యం చేయలేదు. 2011లో చట్టాన్నే మార్చి, ఈ బండ్లకి సీసం నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. టార్పాలిన్ నా చేత్తోనే లాగాను. దుమ్ము కింద ఎర్ర బండి ఒకటి, శ్రేయ ఎత్తుకి అచ్చంగా సరిపోయేది, ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. తోటివాళ్లు చప్పట్లు కొట్టారు. అప్పటిదాకా తప్పు చట్టానిది. ఇప్పుడు చట్టం దిద్దుకుంది. మరి నేను? రెండు నెలలకి మళ్లీ ఇంజనీరు ఉద్యోగం దొరికితే వెంటనే మారిపోయాను.

ఇన్నేళ్లూ మోహన్ నన్ను ఒక్క మాట అనలేదు. అనడానికి వాడికి తెలిస్తే కదా! ఏదో పిచ్చి రూల్‌ని తనే తేలిగ్గా తీసుకున్నాననుకుంటున్నాడు. లలిత కూడా అలాగే అనుకుంటోంది. కాళ్ల గురించి, బూట్ల గురించి ఎవరైనా మాటెత్తితే ఆమె లేచి వంటింట్లోకి వెళ్తుంది, వాడు టీవీ సౌండ్ పెంచుతాడు.

పోయిన ఆదివారం భోజనానికి పిలిచారు. గుమ్మం దగ్గర నా బూట్లు విప్పుతుంటే, రాక్ మీద శ్రేయ బూట్లు కనపడ్డాయి. ఒకే రంగు, ఒకే రకం. ఎడమది మామూలుగా ఉంది, కుడిది చిన్నపిల్ల సైజుది. ప్రతిసారీ రెండు సైజుల్లో రెండు జతలు కొని, ఒక్కో జతలోంచి ఒకటి తీసుకుంటారు. మిగిలినవి కింది అరలో వరసగా ఉన్నాయి. మోహన్ వాటిని పారేయనివ్వడట.

అంతలో శ్రేయే ఎదురొచ్చింది, ఒక పక్కకి ఒరిగి నడుస్తూ, చేతిలో కారు తాళాలు ఊపుతూ. "అంకుల్, గెస్ వాట్! నాకు లైసెన్స్ వచ్చింది. సిక్స్‌టీన్ అయ్యాను కదా!"

పదహారు.

"కంగ్రాట్స్ నాన్నా," అన్నాను. భోజనం చేశాను. వాళ్లింటి నుంచి వచ్చేశాను. ఈ రోజు కూడా మోహన్‌కి ఫోన్ చేయలేదు. చేస్తానని మీకు మాట కూడా ఇవ్వలేను, అంత ధైర్యం ఇంకా రాలేదు. కానీ ఈ మాట ఒక్కసారైనా నా నోటి నుంచి కాకపోతే నా చేతి నుంచైనా బయటికి రావాలి.

మోహన్, ఆ స్టిక్కర్ సీసం గురించి కాదురా. నువ్వు అడిగినప్పుడే నాకు తెలుసు.