చెమట పట్టినప్పుడల్లా చెరుకు రసం

బోధన్ బస్టాండు దగ్గర మాది చెరుకు రసం బండి. ముప్పై దాటగానే నాకు షుగర్ వచ్చింది. "బండి మీదనే తాగి తాగి తెచ్చుకున్నవ్" అని గిరాకీలు నవ్వేవాళ్లు. "తాగింది మీరు, వచ్చింది నాకు" అనేదాన్ని.

నలభై రెండో ఏట, చలికాలంలో ఒక పొద్దున మిషన్‌లో చెరుకు పెడుతుంటే ఛాతీలోంచి మొహం దాకా సెగ ఎగదన్నింది. ఒళ్లంతా చెమట, గుండె దడ. అంతకుముందు ఒకసారి నిజంగానే షుగర్ పడిపోయి ఇలాగే చెమటలు పట్టాయి. అప్పుడు మా ఆయన రసం తాగిస్తే తేరుకున్నాను. ఈసారీ పరుగున గ్లాసు తెచ్చి నోటికి పెట్టాడు.

"తాగు, డౌనయింది!"

"మెల్లగ పొయ్, నోట్లనా ముక్కులనా?"

కాసేపటికి సెగ దిగింది. రసమే దించిందనుకున్నాం. ఆ రోజు నుంచి సెగ రావడం, గ్లాసు ఎత్తడం. రోజుకు రెండు మూడుసార్లు.

నిజామాబాద్‌లో నేను చూపించుకునే షుగర్ డాక్టర్ దగ్గర మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే బాగా పెరిగింది. "స్వీట్లు తింటున్నావు కదా?" అన్నాడు. లేదు సార్, షుగర్ డౌనైతే రసం తాగుతున్న అన్నాను.

"డౌనయ్యేదానికి ఇంత ఎందుకుంటుంది? అబద్ధాలు చెప్పకమ్మా. ఇట్లయితే ఇన్సులిన్ రాస్తా."

ఇన్సులిన్‌కు నేను భయపడలేదు. అవసరమైతే పొడుచుకుంటాను. అబద్ధాలకోరు అనిపించుకుని పొడుచుకోవడమే నాకు మింగుడుపడలేదు.

అప్పటికి నాలుగైదు నెలలుగా నెలసరి లేదు. సిగ్గు పక్కన పెట్టి అదీ చెప్పాను. "నెల తప్పింది సార్." మన దగ్గర ఆ మాటకు ఒకటే అర్థం. తలెత్తకుండా ప్రెగ్నెన్సీ టెస్ట్ రాశాడు. నెగెటివ్ వచ్చింది. "ఏం లేదు, పో" అన్నాడు. కడుపు లేదు సరే, మరి నెల ఎటు పోయినట్టు? ఏడాదికోసారి కళ్లు చూస్తారు, కిడ్నీ చూస్తారు, అరికాళ్లు గుచ్చి చూస్తారు. కిడ్నీకీ కాళ్లకూ మధ్య ఆడదానికి ఇంకొకటి ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

గోలీల డోసు పెంచారు. నేను రసం పెంచాను. చెరుకు గీరుకున్న చేతి పుండు ఎంతకీ మానకపోతే భయపడి ఇంకో ఆసుపత్రికి పోయాను. అక్కడ లేడీ డాక్టర్ పుండు చూస్తూనే అడిగింది, "నెలసరి వస్తున్నదా?"

"తప్పింది మేడమ్."

"తప్పిందా, ఆగిందా?"

ఆ మాట వింటుండగానే సెగ వచ్చింది. రసం తెమ్మని వెంట వచ్చిన మా ఆయనకు సైగ చేశాను. మేడమ్ ఆపి, వేలు గుచ్చి చూసింది. షుగర్ రెండు వందలు దాటి ఉంది! ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించి చెప్పింది: "ఈ సెగలు షుగర్ డౌనై కాదు, నెలసరి ఆగిపోయి వస్తున్నాయి. ఇది మెనోపాజ్. నీకు తొందరగా వచ్చింది. చిన్న వయసులో షుగర్ వచ్చినవాళ్లలో కొందరికి ముందే ఆగుతుంది. నీకు దానివల్లనే అని కచ్చితంగా చెప్పలేను. కానీ ఇక నుంచి గుండె, ఎముకలు కూడా చూసుకోవాలి."

బయటకొచ్చాక మా ఆయన మొహం వాడిపోయింది. "అంటే నీ షుగర్ నేనే పెంచిన్నా?"

"నువ్వు ప్రేమతోని పెంచినవ్. ఆ సార్ ఫీజు తీస్కొని పెంచిండు."

ఊరుకోలేదు. రిపోర్టు పట్టుకుని నిజామాబాద్ పోయాను.

"సార్, నేను అబద్ధం చెప్పలే."

చూసి, "ఆడవాళ్ల సంగతులు లేడీ డాక్టర్‌కు చెప్పుకోవాలమ్మా" అన్నాడు.

"షుగర్ గూడ ఆడదానికే వచ్చింది గద సార్!"

బయట వరుసలో కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఇప్పుడు పుండు మానింది. షుగర్ దిగుతోంది, ఇన్సులిన్ దాకా పోలేదు. సెగలు ఇంకా వస్తాయి. ముందు మీటరుతో చూసుకుంటాను. నిజంగా పడిపోతేనే రసం, లేకుంటే విసనకర్ర. మీటరు అందుబాటులో లేక చేతులు వణుకుతుంటే మాత్రం ఆలోచించకుండా తీపి తింటాను, తర్వాత చూసుకుంటాను.

అక్కల్లారా, చెల్లెళ్లారా, షుగర్ చూపించుకోవడానికి పోయినప్పుడు నెలసరి ఆఖరుసారి ఎప్పుడు వచ్చిందో ముందే చెప్పండి. అడగలేదని ఊరుకోకండి. డాక్టర్ తలెత్తి మీ మొహం చూసేదాకా చెప్పండి.