వంతకు వదిలిన చోటు

నా చిన్నప్పుడు, అంటే డెబ్బైలలో, మా పేట మొత్తానికి ఫొటో అచ్చులో పడ్డ మనిషి మా పెద్దమ్మ ఒక్కతే. అదీ పాటల రికార్డు అట్ట మీద. హనుమాన్ జంక్షన్‌కి అవతల కాలవ గట్టున మా ఊరు. ఊడ్పుల్లో మా ఆడవాళ్ళ ముఠాకి పాట ఎత్తుకునేది పెద్దమ్మే. ఆవిడ ఒక ముక్క అంటే, వరసలో వంగి నాటేవాళ్ళంతా వంత అందుకునేవారు. ఆ గొంతు ఎలాగో బెజవాడ రేడియోకి చేరి, అక్కణ్ణుంచి మద్రాసులో ఒక రికార్డుల కంపెనీ చెవిన పడింది. వాళ్ళు పిలిపించి ఊడ్పు పాటలతో ఆవిడ మొదటి రికార్డు చేశారు. అట్ట మీద బొమ్మ కోసం చంకన బిందెతో నిలబెట్టారు. మా పెద్దమ్మ బిందెను నెత్తిన తప్ప మోయదు. ఆ బొమ్మలో ఆవిడది సిగ్గు అనుకున్నారు చూసినవాళ్ళు. బిందె జారుతుందేమోనన్న భయమట.

రికార్డు వచ్చిందంటే ఊరు పండగ చేసుకోవాలి. ముఠా మాత్రం మూతి ముడుచుకుంది. వాళ్ళ కోపంలోనూ న్యాయం ఉంది. ఆ పాటలు ఏ ఒక్కరివీ కావు. ఒకరు నడుం నొప్పితో ఒక మాట కలిపితే, ఇంకొకరు అత్తగారి మీద మంటతో మరో మాట కలిపారు. అందరి పాటా మూటగట్టుకుని ఒక్కతే రైలెక్కిందని వాళ్ళ బాధ. ఆ ఏడు ఊడ్పులు మొదలైన రోజు పెద్దమ్మ ఎప్పటిలాగే పాట ఎత్తుకుంది. వంత రాలేదు. మళ్ళీ ఎత్తుకుంది. కప్పలు తప్ప ఎవరూ పలకలేదు.

"పాడుకో వదినా. మద్రాసు చూసొచ్చిన గొంతుకి మా బొంగురు గొంతులెందుకు?" అంది ఎదురింటి అత్త, వంచిన నడుం ఎత్తకుండానే.

పెద్దమ్మ ఇక పాడలేదు. మధ్యాహ్నం అందరూ గట్టు మీద ఒకచోట అన్నం గిన్నెలు విప్పితే, ఆవిడ దూరంగా కూర్చుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ముఠాయే ఆవిడ లోకం. నారుకట్టలు అందించే పని నాది. "ఏంటి పెద్దమ్మా, అప్పుడే అరిగిపోయిందా రికార్డు?" అని హాస్యమాడాను. నా హాస్యానికి నవ్వని పెద్దమ్మను చూడటం అదే మొదలు.

ఇదంతా తెలియనివాడు మా మైకుసెట్టు మామయ్య. పెళ్ళిళ్ళకీ, చర్చి పండగలకీ పాటలు మోగించేది ఆయనే. కొత్త రికార్డు చేతికొస్తే మోగించందే అన్నం సహించదు. అన్నాలయి మేం మళ్ళీ చేలో దిగేసరికి, ఊరి గౌరవమంటూ బ్యాటరీ మోసుకొచ్చి, కాలవ గట్టున కొబ్బరిచెట్టుకి లౌడ్‌స్పీకరు కట్టి, దాని మూతి మా చేల వైపు తిప్పాడు.

"ఆపమనవే మీ మామయ్యని" అంది పెద్దమ్మ పాలిపోయిన మొహంతో. నేను గట్టెక్కేలోపే గరగరమని శబ్దం, వెంటనే ఆవిడ గొంతు.

రోజూ నన్ను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పేలు చూసే మనిషి గొంతు, ఆకాశంలోంచి వచ్చింది. కొంగలు ఒక్కసారిగా లేచాయి.

"వానొచ్చె, వరదొచ్చె, వాడెందుకు రాడే?" అని అడిగింది ఆ గొంతు. అడిగి ఊరుకుంది. డప్పు ఒక్కటే నడుస్తోంది. కాసేపాగి మళ్ళీ అడిగింది, మళ్ళీ ఊరుకుంది.

మామయ్య కంగారుపడి ముల్లు ఎత్తి, ఉఫ్ అని ఊది, మళ్ళీ పెట్టాడు. అదే ప్రశ్న, అదే ఖాళీ. "అక్కా! వంత పాడేవాళ్ళని పెట్టలేదా కంపెనీవాళ్ళు? అంత పిసినారులా?" అని గట్టు మీంచి అరిచాడు.

"పెడతామన్నారు తమ్ముడూ. మావాళ్ళున్నారు, ఆ చోటు వాళ్ళదని చెప్పా" అంది పెద్దమ్మ, నారు గుచ్చుతూనే. గొప్పగా అనలేదు. సంజాయిషీగానూ అనలేదు.

వరసలో చేతులు ఆగిపోయాయి. ఏడవాల్సిన ఘట్టమే. కానీ అందరి చేతులకీ బురద, కళ్ళు తుడుచుకునే వీల్లేదు.

లౌడ్‌స్పీకరు మళ్ళీ అడిగింది. ఈసారి పెద్దమ్మ తన గొంతుకి తనే వంత పాడింది: "వస్తాడే, వస్తాడే, గొడుగెతుకుతున్నాడే." ఎప్పుడూ పాట ఎత్తుకోవడమే తప్ప ఆవిడకి వంత పాడటం రాదని అప్పుడే తెలిసింది. డప్పు ఒక దారి, ఆవిడ ఒక దారి.

ఎదురింటి అత్త ఇక తట్టుకోలేకపోయింది. "ఓరి ప్రభువా, ఇదేం వంత వదినా! నీ పాట నువ్వే చెడగొట్టుకుంటున్నావు, జరుగు!" అంటూ పక్కకొచ్చి అందుకుంది. ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు.

తర్వాతి ప్రశ్నకి చేను చేనంతా జవాబు చెప్పింది. పైనుంచి ఒక్క గొంతు, కింద బురదలోంచి అన్ని గొంతులూ. వాటి మధ్య పెద్దమ్మ, తన పాటకి తనే వెనకబడి తడబడుతూ, నవ్వుతూ. నా ఒళ్ళు జలదరించింది. ఇంటికెళ్ళే దారిలో వాన పట్టుకుంది; ఇంకా తగ్గని ఆ జలదరింపు చూసి, వానలో తడిశావని మా అమ్మ తల తుడిచింది. వాన వల్ల కాదని అప్పుడు చెప్పలేకపోయాను.

నాకు పాట రాలేదు, హాస్యమే మిగిలింది. ఇప్పుడు మనవలని కూర్చోబెట్టుకుని ఏదైనా చెప్తే, నవ్వొచ్చే ఆఖరి మాట నేను అనను. అక్కడ ఆగుతాను. ఎవరో ఒకరు అందుకుంటారు. నేననుకున్న మాటంత బాగుండదు చాలాసార్లు. నవ్వు మాత్రం, నేనొక్కదాన్నే అన్నప్పటికంటే పెద్దగా వస్తుంది.